మోకాలి ఇంజెక్షన్: స్కానింగ్‌లో చూస్తూనే చేయించాలా?

పెద్దకోడలు: మా అత్తయ్యగారికి మోకాళ్ల అరుగుదల. స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించమన్నారు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేయాలా, చేత్తో తడిమి చేసినా చాలా?

సూటిమాట: చూస్తూనే చేయించండి. నాకు మొదటిసారి తడిమి గుచ్చారు. మందు ఎక్కుతుంటే ఒకటే మంట. నెలైనా నొప్పి తగ్గలేదు. రెండోసారి వేరేచోట స్కానింగ్‌తో చేశారు. మోకాల్లో చేరిన నీరు తెర మీద నల్లగా ఉంది. సూది తెల్లటి గీతలా అందులోకి దిగడం నేనే చూశాను. ముందు నీరు లాగి, ఆ తర్వాతే మందు ఎక్కించారు. మూడో రోజుకి మెట్లెక్కాను.

ఫిజియో03: మోకాలు పెద్ద కీలు, తడిమి చేసినా సూది తప్పడం తక్కువే. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో నీరు చేరని 80 మోకాళ్లలో ఒకే సర్జన్ తడిమి సూది దించారు. చిప్ప పక్కన, బయటివైపు నుంచి దించితే 93 శాతం సరిగ్గా లోపలికే వెళ్లింది. ముందు నుంచి అయితే బయటివైపున 71, లోపలివైపున 75 శాతం. అమెరికా రుమటాలజీ కాలేజీ 2019 మార్గదర్శకాల్లో స్కానింగ్ తప్పకుండా వాడమన్నది తుంటికి, మోకాలికి కాదు.

సూటిమాట: వందలో మిగతా ఏడుగురి సంగతేంటి? అందులో నేనున్నాను.

వేకువ: షుగర్ ఉంటే జాగ్రత్త. ఇంజెక్షన్ తర్వాత కొన్నాళ్లు పెరుగుతుంది.

ఫిజియో03: సూది చేరడం వేరు, నొప్పి తగ్గడం వేరు. 2017లో 140 మందితో వచ్చిన ట్రయల్ చూడండి. 12 వారాలకోసారి రెండేళ్లు స్టెరాయిడ్ ఇచ్చారు. మందు లేని ఉప్పునీరు ఎక్కించినవాళ్ల కంటే నొప్పి తగ్గిందీ లేదు, మృదులాస్థి (కీలులో ఎముకల చివరన ఉండే మెత్తటి పొర) మాత్రం ఎక్కువ అరిగింది.

సూటిమాట: అంటే నేను మెట్లెక్కింది అబద్ధమా? నొప్పి పడేవాళ్లకి లెక్కలు చెప్పకండి!

ఫిజియో03: అబద్ధమని ఎవరన్నారు? మా నాన్నకి ఒక్క ఏడాదిలో నాలుగు ఇంజెక్షన్లు చేశారు. ప్రతిసారీ తెర చూపించి "కరెక్ట్‌గా పడింది" అన్నారు. తొడ కండరానికి ఒక్క వ్యాయామం చెప్పలేదు. ఇప్పుడాయన కర్ర లేనిదే లేవలేరు. నా గొడవ స్కానింగ్‌తో కాదండీ. దాన్ని చూపించి అదే మందు మళ్లీ మళ్లీ ఎక్కించడంతో.

సూటిమాట: ఆ మాట ముందే చెప్పాల్సింది. నా గొడవా సూదితో కాదు. మంటగా ఉంది, ఆపండి అని రెండుసార్లు చెప్పాను. "ఇలాగే ఉంటుంది" అని మొత్తం ఎక్కించేశారు.

పెద్దకోడలు: అత్తయ్యగారికి షుగర్ ఉంది. ఆ సంగతి మమ్మల్ని ఎవరూ అడగలేదు. వ్యాయామం గురించీ చెప్పలేదు. చిప్ప పైన వాపు ఉంది, నొక్కితే మెత్తగా తగులుతోంది. అది నీరేనా?

ఫిజియో03: అయ్యుండొచ్చు. నీరైతే స్కానింగ్‌లో కనిపిస్తుంది. దానికైతే స్కానింగ్ తప్పకుండా తీయించండి.