విలువ ఏ రకమో ముందే అడగాలా, నేరుగా మార్చేయాలా?

తిరుపతి పంతులమ్మ:
డిప్లొమా మొదటి ఏడాది పిల్లలకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నాను. లడ్డూ 50 రూపాయలు, ఎన్ని కావాలో అడిగి మొత్తం చూపించమన్నాను. 3 కొడితే 150 రాలేదు, యాభై మూళ్లు బారుగా పరుచుకున్నాయి. ఏ విలువనైనా వాడే ముందు దాని టైప్, అంటే అది సంఖ్యా, అక్షరాల వరుసా అన్న రకం, అడిగే అలవాటు మొదటి వారంలోనే చేయాలంటాను. మీరేమంటారు?

చిత్తూరు కోడర్:
ఒప్పుకోను మేడమ్. పైథాన్ 3లో మనం టైప్ చేసింది తీసుకునే ఇన్‌పుట్ ఫంక్షన్ ఇచ్చేది ఎప్పుడూ స్ట్రింగే, అంటే అక్షరాల వరుసే; అందుకే 50తో గుణిస్తే 3ను యాభైసార్లు రాసింది. వందసార్లు అడిగినా అదే జవాబు. ఇంట్‌తో పూర్ణసంఖ్యగా మార్చండి. కుదరకపోతే వాల్యూఎర్రర్ అనే లోపం వస్తుంది, ప్రోగ్రాం ఆగిపోకుండా దాన్ని ట్రై, ఎక్సెప్ట్‌తో పట్టుకోండి. అంతే.

పుత్తూరు విద్యార్థి:
అన్నా, అన్నీ అంకెలేనా అని చెప్పే ఈజ్‌డిజిట్‌తో ముందు చూస్తే చాలదా?

చిత్తూరు కోడర్:
చాలదు తమ్ముడూ. తోతాపురి కాయల కాటా చీటీలో 12.5 టన్నులని ఉంటే, మధ్యలో చుక్క చూసి అంకెలు కావంటుంది. -5 అన్నా అంతే. వర్గానికి గుర్తుగా పైన రాసే ² ను మాత్రం అంకేనని ఒప్పుకుంటుంది, తీరా ఇంట్ దగ్గరికి వెళితే అది తోసిపుచ్చుతుంది. తెలుగు అంకెల్లో ౧౨ అని ఇచ్చి చూడు, ఇంట్ శుభ్రంగా 12 చేసి ఇస్తుంది! బరువులకైతే దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ వాడు.

తిరుపతి పంతులమ్మ:
పూర్తయిన ప్రోగ్రాంలో ఆ తనిఖీ ఉంచమని నేను అనలేదండీ. స్ట్రింగ్ అన్న మాట తెర మీద కళ్లారా చూడని పిల్లవాడికి ఇంట్ ఎందుకో ఎలా తెలుస్తుంది? మంత్రంలా బట్టీ పడతాడు. అప్పుడు కనిపించిన ప్రతిదానికీ ఇంట్ తగిలిస్తాడు. తిరుపతి ఎస్‌టీడీ కోడ్ 0877 ఇస్తే ముందున్న సున్నా ఎగిరిపోయి 877 మిగులుతుంది. అంకెలున్నంత మాత్రాన అది సంఖ్య కాదు కదా.

చిత్తూరు కోడర్:
ఎస్‌టీడీ కోడ్ సంగతి నిజమే. నేర్చుకునేటప్పుడు ప్రింట్ చేసి చూడనివ్వండి, కాదనను. ఇఫ్ షరతు పెట్టి టైప్‌ను ఇంట్‌తో పోల్చడం మాత్రం నేర్పకండి. అడగక తప్పని చోట, విలువ ఫలానా టైప్‌దేనా అని చెప్పే ఈజ్‌ఇన్‌స్టెన్స్ మేలు. అయితే దానికీ ఒక మెలిక ఉంది: నిజం అని చెప్పే ట్రూ అన్న విలువ కూడా ఇంటే అంటుంది, ఎందుకంటే దాని టైప్ అయిన బూల్ అన్నది ఇంట్ నుంచే పుట్టింది.

పుత్తూరు విద్యార్థి:
లడ్డూ ప్రోగ్రాంలో ఇంట్ పెట్టి -3 కొట్టాను. -150 చూపించింది, ఎర్రర్ రాలేదు.

తిరుపతి పంతులమ్మ:
టైప్ సరైనదే నాయనా, విలువే తప్పు. ఇంట్ తర్వాత సున్నా కంటే పెద్దదో కాదో చూసే షరతు ఇంకొకటి రాయి.