నిద్రపుచ్చే మందుని కథలో ఏమనాలి?

మా పాప కోసం ఒక రాకుమారి కథ రాస్తున్నాను. మంత్రగత్తె ఏదో తాగిస్తుంది, ఆ పిల్ల పన్నెండేళ్లు నిద్రపోతుంది. ఆ తాగించేదాని పేరు దగ్గరే మూడు రోజులుగా ఆగిపోయాను. నిద్రమాత్ర అంటే మెడికల్ షాపు గుర్తొస్తుంది, మత్తుమందు అంటే రైల్లో బిస్కెట్లిచ్చి నగలు దోచుకున్న వార్త. ఉత్త "మందు" సంగతి చెప్పనక్కర్లేదు, రాకుమారి మందు తాగింది అని చదివి మావారు పగలబడి నవ్వారు. పానీయం అంటే కూల్‌డ్రింక్‌లా ఉంది, రసం అంటే అన్నంలోకి. మంచి మాట చెప్పండి.

— మాట దొరక్కపోవడానికి కారణం ఉందండీ. మన పాత కథల్లో నిద్ర గిన్నెలోంచి రావడం తక్కువ, వరంగానో అస్త్రంగానో వస్తుంది. కుంభకర్ణుడిది బ్రహ్మ మాట. ఊర్మిళ అయితే లక్ష్మణుడి వంతు నిద్ర కూడా తనే తీసుకుని పద్నాలుగేళ్లు పడుకుందని ఆడవాళ్ల పాటల్లో వింటాం. ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు సమ్మోహనాస్త్రం వేస్తే కౌరవసేన ఎక్కడివాళ్లక్కడ సోలిపోయింది, ఉత్తరుడు వెళ్లి చెల్లెలి బొమ్మలకని వాళ్ల బట్టలు ఒలుచుకొచ్చాడు, భీష్ముడి దగ్గరికి మాత్రం పోవద్దన్నాడు అర్జునుడు, ఆయనకి విరుగుడు తెలుసట. ఇంతమందిని పడుకోబెట్టిన అర్జునుడికే గుడాకేశుడని పేరు, నిద్రని గెలిచినవాడని! ఆ భీష్ముడే పరశురాముడి మీద వెయ్యబోయి ఆగిన అస్త్రం ప్రస్వాపనం. అందులో ఉన్నదీ స్వప్నంలో ఉన్నదీ ఒకే ధాతువు.

నా ఓటు "పసరు"కి. పచ్చకామెర్లకి పసరు పోయించుకోవడం ఊళ్లలో వినే ఉంటారు, ఆకు నలిపి పిండితే వచ్చేది. నిద్రపసరు అనండి. సాయంత్రమయ్యేసరికి ఆకులు ముడుచుకునే నిద్రగన్నేరు ఉండనే ఉంది, దాని పసరే అని రాసెయ్యండి. నిద్రపోయేది చెట్టే తప్ప మనల్ని పడుకోబెట్టదనుకోండి, కథే కదా.

— నిద్ర సంస్కృతం, పసరు తెలుగు. రెండు భాషల మాటలూ కలపకూడని తీరులో కలిపిన వైరిసమాసం అవదా?

— అవదు. సంస్కృతం మాట ముందు, తెలుగు మాట వెనక ఉంటే మిశ్రమ సమాసం, బాలవ్యాకరణం ఒప్పుకున్నదే. మరీ పట్టింపుగా ఉంటే నిద్దురపసరు అనండి, నోటికి మెత్తగా కూడా ఉంది.

— ఒక చిక్కు. మా మంత్రగత్తె దాన్ని మూడు రాత్రులు కాస్తుంది. పసరుని కాస్తారా?

— కాస్తే కషాయం అయిపోతుంది. నీళ్లలో మరిగించి నాలుగో వంతుకి దించేది అదే. కానీ కషాయం అనగానే మీ పాప ముక్కు మూసుకుంటుంది, కథ అక్కడే ఆగుతుంది. పొయ్యి తీసేసి రోలు పెట్టండి, మూడు రాత్రులూ వెన్నెల్లో ఆకు నూరించండి.

— పొయ్యి తీసేశాను. మరి ఆఖర్న ఆ పిల్లని లేపేదానికి?

— విరుగుడు. దానికి వేరే మాట వెతక్కండి!