సొంత ఊరి పిల్లలు లేని రిజర్వ్ టీమ్ ఊరికి ఎందుకు?

బొల్లారం బ్యాక్:
హైదరాబాద్ ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ క్లబ్ పేరు మారి, 2025 అక్టోబర్‌లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఆరేళ్ళు గచ్చిబౌలిలో ఉన్న ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్ వెళ్ళిపోతే మా బస్తీల్లో ఎవరికీ పట్టలేదు. ఎందుకు పడుతుంది? ఆ క్లబ్ రిజర్వ్ టీమ్‌లో కేరళ వాళ్ళు, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు ఎక్కువగా కనిపించారు. బొల్లారం, సికింద్రాబాద్, పాతబస్తీ పిల్లలు ఎంతమంది కనిపించారు? రేపు ఇంకో క్లబ్ వస్తే రిజర్వ్ టీమ్‌లో సగం మంది ఈ ఊరి వాళ్ళే ఉండాలని రూల్ పెట్టాలి. అదే నా మాట. మీరేమంటారు?

గచ్చిబౌలి గ్యాలరీ:
అన్నా, గట్టిగానే చెప్తాను, ఏమనుకోవద్దు. రిజర్వ్ టీమ్ పని ఊరికి సేవ చేయడం కాదు, మొదటి టీమ్‌కు ఆటగాళ్ళను తయారు చేయడం. ఆ పని మన క్లబ్ బాగానే చేసింది. అబ్దుల్ రబీది మలప్పురం. రిజర్వ్స్ నుంచి పైకి వచ్చాడు, 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన టీమ్‌లో ఉన్నాడు. ఆ మార్చి 20న గోవాలోని ఫతోర్డా ఫైనల్‌లో 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్ కొట్టి స్కోరు సమం చేసినప్పుడు, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపినప్పుడు, వాళ్ళది ఏ ఊరని నేను అడగలేదు. గొంతు పోయేదాకా అరిచాను. కోటా పెడితే నాణ్యత పోతుంది.

పసుపు జెర్సీ:
+1. ఆ రాత్రి మర్చిపోలేం.

ఆఫ్‌సైడ్ శీను:
ఒక్క విషయం. రిజర్వ్ టీమ్ వేరు, అకాడమీ వేరు. రిజర్వ్స్ అంటే సుమారు 17 నుంచి 21 ఏళ్ళ వాళ్ళు, రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ లాంటివి ఆడేవాళ్ళు. అకాడమీ అంటే అండర్-13, అండర్-15. ముందు అది తేల్చుకుని మాట్లాడండి.

బొల్లారం బ్యాక్:
శీనూ, తేడా తెలుసు. కింద అకాడమీలో మన పిల్లలు ఉంటేనే పైన రిజర్వ్స్‌లో ఉంటారు. బయట నుంచి 19 ఏళ్ళ కుర్రాణ్ణి తెచ్చుకోవడం తేలిక. పదేళ్ళ పిల్లాణ్ణి ఏడెనిమిదేళ్ళు తయారు చేయాలంటే ఓపిక కావాలి, డబ్బు కావాలి.

గ్యాలరీ గారూ, నాణ్యత అన్నారు కదా. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ ఎక్కడిది? కోచ్ రహీం సాబ్ టీమ్ అది. 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం గెలిచిన టీమ్‌లో మన తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్ ఉన్నారు. బలరామ్‌ది అమ్ముగూడ, మా పక్కనే. క్యాంపుకు రావడానికి అతనికి సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చేవారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. అదీ అకాడమీ అంటే. నాణ్యత ఈ మట్టిలో లేదని మాత్రం అనకండి.

గచ్చిబౌలి గ్యాలరీ:
మట్టిలో లేదని నేనెక్కడ అన్నాను? అన్నా, మీరు 60 ఏళ్ళ కిందటి మాట తెస్తున్నారు. రహీం సాబ్ పేరు చెప్తే నేనూ చేతులు జోడిస్తాను. కానీ మన క్లబ్‌కు ఆడిన ఆకాశ్ మిశ్రాది ఉత్తర్‌ప్రదేశ్, ఆశిష్ రాయ్‌ది సిక్కిం. 2020-21లో కోచ్ మనోలో మార్కెజ్ ఆ కుర్రాళ్ళను నమ్మి ఆడించాడు, ఆకాశ్ ఆ సీజన్ అయ్యీ అవ్వకముందే ఇండియాకు ఆడాడు. ప్రతిభ ఎక్కడుంటే అక్కడ వెతకాలి.

ఆఫ్‌సైడ్ శీను:
ఆ ఇద్దరూ రిజర్వ్స్ నుంచి రాలేదు. ఆకాశ్ ఇండియన్ యారోస్ అనే కుర్రాళ్ళ టీమ్ నుంచి వచ్చాడు. అదే నేను చెప్పేది.

విశాఖ వింగర్:
శ్రీనిధి దక్కన్ క్లబ్‌ను మర్చిపోయారా? ముందు మా విశాఖ పేరు మీద ఐ-లీగ్‌లోకి (ఐఎస్‌ఎల్ కింది లీగ్) వచ్చింది, తర్వాత హైదరాబాద్‌లోనే ఆడింది. 2022-23లో, 2023-24లో వరసగా రెండో స్థానం. వాళ్ళు పిల్లల టీమ్‌లతోనే మొదలుపెట్టారు. మాకు మాత్రం ఇక్కడ చూడటానికి ఏమీ మిగల్లేదు.

కీపర్ వాళ్ళ నాన్న:
నేను ఇక్కడ ఎక్కువ రాయను. కానీ ఇది చదివాక ఉండలేకపోయాను. మా అబ్బాయి గోల్‌కీపర్. పన్నెండేళ్ళప్పుడు ఒక అకాడమీలో చేర్చాను, పేరు చెప్పను. నెల నెలా ఫీజు, కిట్ డబ్బు, టోర్నమెంట్లకు ప్రయాణం ఖర్చు, అన్నీ కట్టాను. పెద్ద క్లబ్ రిజర్వ్స్‌కు ట్రయల్స్ ఇప్పిస్తామన్నారు. నాలుగేళ్ళు అదే మాట. పదో తరగతిలో వాడు చదువు వెనక పడ్డా ఊరుకున్నాను. చివరికి అకాడమీ ఎత్తేశారు. ఫోన్ ఎత్తరు. ఏ ట్రయల్స్ లేవు. లోకల్ కోటా ఉంటే మా వాడికి కనీసం ఒకసారి నిలబడి బంతి ఆపే అవకాశం దొరికేది.

గచ్చిబౌలి గ్యాలరీ:
సార్, మీకు జరిగింది అన్యాయమే. కానీ దానికీ కోటాకూ సంబంధం లేదు. మీ అబ్బాయిలో నిజంగా ఆట ఉంటే ఎవరో ఒకరు చూసేవారు.

బొల్లారం బ్యాక్:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నాకు నిజంగా కోపం వచ్చింది. ఎవరు చూసేవారు? ఎక్కడికొచ్చి చూసేవారు? నేను పదకొండేళ్ళుగా రోజూ పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌లో ఉంటాను. నలభై మంది పిల్లలు. ఆటగాళ్ళను వెతికే స్కౌట్ ఒక్కడూ ఒక్క రోజు రాలేదు. గ్యాలరీలో కూర్చుని అరవడం వేరు, ఎండిపోయిన గ్రౌండ్‌లో మోకాళ్ళు చీరుకున్న పిల్లాడికి పసుపు రాయడం వేరు.

గచ్చిబౌలి గ్యాలరీ:
గ్యాలరీలో కూర్చున్నవాళ్ళంటే మీకంత చులకనా? 2023-24లో విదేశీ ఆటగాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయాక, జీతాలు రాక, కొత్తవాళ్ళను తీసుకోవడానికి లేక, ఆ కుర్రాళ్ళే మిగతా సీజన్ అంతా ఆడారు. ఆ సీజన్ మొత్తం 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. అయినా నేను ప్రతి హోమ్ మ్యాచ్‌కూ వెళ్ళాను. వెనక నుంచి ఎవరో "ఈ పిల్లలు పనికిరారు" అంటే వాళ్ళతో గొడవ పడ్డాను. మలప్పురం నుంచో మిజోరం నుంచో వచ్చి, జీతం ఎప్పుడొస్తుందో తెలియకుండా నా ఊరి జెర్సీ వేసుకుని ఓడిపోయిన కుర్రాణ్ణి పరాయివాడంటే నేను ఒప్పుకోను. అందుకే కోటా అంటే నాకు మండుతుంది.

కీపర్ వాళ్ళ నాన్నగారూ, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. క్షమించండి.

కీపర్ వాళ్ళ నాన్న:
పర్లేదండీ. మావాడు ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు.

పసుపు జెర్సీ:
చెన్నై మీద ఆ ఒక్క గెలుపు టీవీలో చూస్తూ నేను ఏడ్చాను.

బొల్లారం బ్యాక్:
గ్యాలరీ, నువ్వు ఆ సీజన్ మాట చెప్పాక నేను కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. పరాయి పిల్లలని నేననలేదు, కానీ అలాగే వినిపించి ఉంటుంది.

అసలు నా బాధ ఏంటంటే, నా దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఉండేవాళ్ళు. పదిహేడేళ్ళు. ఒకడి ఎడమ కాలు చూస్తే ఎవరైనా ఆగిపోవాల్సిందే. ఇద్దరూ ఇప్పుడు బైక్ మీద డెలివరీలు చేస్తున్నారు. నేనే వద్దనలేకపోయాను. ఏమని ఆపను? సిటీ పోలీస్ టీమ్ రోజుల్లో బంతి ఆడితే ఉద్యోగం వచ్చేది. నెల తిరిగేసరికి జీతం, పెన్షన్ కూడా. అందుకే అమ్మలు పంపించారు, అందుకే అన్ని కప్పులు వచ్చాయి. ఇప్పుడు పదిహేడేళ్ళ కుర్రాడు రిజర్వ్స్‌కు ఎంపికైనా, ఇరవై ఒకటికి పొమ్మంటే వాడి చేతిలో ఏముంటుంది? క్లబ్బే ఊరు వదిలేస్తే ఏముంటుంది? ఆ రిస్క్ అంతా ఆ తల్లిదండ్రులదేనా?

గచ్చిబౌలి గ్యాలరీ:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది అన్నా. దీంతో నాకు గొడవ లేదు. మలప్పురం కుర్రాడి తల్లిదండ్రులదీ ఇదే టెన్షన్ కదా. అయితే రూల్ వేరే పెట్టాలి. రిజర్వ్స్‌కు తీసుకునే ప్రతి కుర్రాడికీ, ఏ ఊరివాడైనా సరే, రెండేళ్ళ కాంట్రాక్ట్. స్టైపెండ్ కాదు, జీతం. చదువు ఫీజు క్లబ్ కట్టాలి. క్లబ్ అమ్ముడుపోయినా, ఊరు మారినా కొనుక్కున్నవాడు ఆ కాంట్రాక్ట్ పాటించాలి.

బొల్లారం బ్యాక్:
రెండేళ్ళు చాలవు. పదిహేడుకు తీసుకుంటే పందొమ్మిదికి వదిలేస్తారు. అప్పటికి డిగ్రీ కూడా అవ్వదు. నాలుగేళ్ళు కావాలి.

గచ్చిబౌలి గ్యాలరీ:
నాలుగేళ్ళంటే ఏ క్లబ్బూ సంతకం పెట్టదు. మూడు.

ఆఫ్‌సైడ్ శీను:
రిజర్వ్స్‌కా, అకాడమీకా?

బొల్లారం బ్యాక్:
రిజర్వ్స్‌కే శీనూ. మూడేళ్ళు సరే, కానీ చదువు ఫీజు మాత్రం డిగ్రీ అయ్యేదాకా కట్టాలి, వాణ్ణి టీమ్‌లోంచి తీసేసినా సరే. అది తగ్గించను. ఇక సగం మంది ఊరివాళ్ళు ఉండాలన్నది కూడా నేను వదిలేయలేదు, అది రేపు మాట్లాడదాం. పొద్దున ఐదున్నరకు గ్రౌండ్‌కు పోవాలి.