‘లెట్ మి టెల్ యు’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: డేనిష్ స్వరకర్త హాన్స్ అబ్రహామ్‌సెన్ సొప్రానోకీ (హెచ్చు స్థాయి స్త్రీ గొంతు) ఆర్కెస్ట్రాకీ కూర్చిన ఏడు పాటల మాల ఇది. బార్బరా హ్యానిగన్ కోసం రాశారు, 2013లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో ఆమే మొదట పాడారు. ‘హామ్లెట్’లోని ఒఫీలియా ఇందులో తన సంగతి తనే చెప్పుకుంటుంది. నాటకంలో ఆమె నోట వచ్చిన మాటలు తప్ప మరో మాట వాడకూడదన్నది రచయిత పాల్ గ్రిఫిత్స్ నియమం. పేరుకి ‘నన్ను చెప్పనివ్వండి’ సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. అది మధ్యలో అడ్డుపడేవాళ్లతో అనే మాట. ఇక్కడున్నది కథ ఎత్తుకునే పలుకు, ‘చెబుతాను వినండి’ లాంటిది. అందులోనూ ‘వినండి’ తీసేయొచ్చు. అదుంటే మీరా, నువ్వా అన్నది తేలిపోతుంది. ఇంగ్లీషు దాన్ని తేల్చకుండా వదిలింది.

‘చెప్పు’ ధాతువుని మాత్రం వదలకండి. నాటకంలో మూకాభినయం చూశాక, ముందుమాట పలకడానికి వచ్చిన నటుడు దీని అర్థం మనకి చెబుతాడా అని ఒఫీలియా హామ్లెట్‌ని అడుగుతుంది. అక్కడ ఎవరో చెబితే వినాల్సిన పిల్ల, ఇక్కడ తనే చెబుతోంది. అక్కడ ‘వివరిస్తాడా’ అని రాసి ఇక్కడ ‘చెబుతాను’ అంటే ఆ ముడి తెగిపోతుంది. అందుకే ముందు నాటకంలోని ఆమె సంభాషణలన్నీ తెలుగు చేసి, అందులోంచే పదాల పట్టీ తీసుకోవాలి. పదరూపాలు లెక్కపెడితే ‘చెబుతాడా’ ఉన్నా ‘చెబుతాను’ నిషిద్ధమవుతుంది, రెండో పాదం కూడా సాగదు. ధాతువులు, ప్రాతిపదికలు లెక్కపెట్టి విభక్తులకీ క్రియాప్రత్యయాలకీ మినహాయింపు ఇవ్వండి.

ఇంకో జవాబు: పాడటానికీ ‘చెబుతా’యే మేలు. ఈ పాటల్లో ఒకే అక్షరం మీద అదే స్వరాన్ని గబగబా మళ్లీ మళ్లీ కొట్టే పద్ధతి ఉంది, నాలుగు వందల ఏళ్ల కిందటి ఇటలీ స్వరకర్త మాంటెవెర్డి కాలం నాటిది. దానికి అచ్చు తెరుచుకుని ఉండాలి. ‘చెప్పనీ’లో ‘ప్ప’ దగ్గర పెదవులు మూసుకుపోతాయి, పై స్థాయిలో ‘ఈ’ ఇరుకైపోతుంది. ‘తా’ మీద ఎంతసేపైనా నిలవొచ్చు.

ప్రశ్న: మరి చివర్లో వచ్చే ‘ఐ విల్ గో ఆన్’? ‘వెళ్లొస్తాను’ అనుకున్నాను.

జవాబు: వద్దండీ. మనం సెలవు తీసుకునేటప్పుడు ‘వెళ్తాను’ అనడానికి మనసొప్పక ‘వెళ్లొస్తాను’ అంటాం, తిరిగొస్తామన్న మాట అందులోనే ఉంది. ఆమె తలుపు వదిలి మంచులోకి నడుస్తోంది, వెనక్కి రావడం లేదు. ‘సాగిపోతాను’ అన్నా పోవడమే వినిపిస్తుంది. ‘నడుస్తూనే ఉంటాను’ అనండి. ఆ చివరి ఘట్టంలో పెద్ద డ్రమ్ము తోలు మీద కాగితం రుద్దుతారు, మంచులో అడుగుల చప్పుడులా. ‘నడుస్తూనే’ అన్న మాట ఆ చప్పుడు మీద సరిగ్గా కూర్చుంటుంది.