చిత్రిక పట్టడం అంటే బొమ్మ గీయడమా?

పుస్తకాల పురుగు:
సమీక్షల్లో ‘పల్లె జీవితాన్ని చక్కగా చిత్రిక పట్టారు’ అని తరచూ కనిపిస్తుంది కదండీ, బొమ్మ గీసినట్టు చూపించారని అనుకునేదాన్ని, నేనూ అలాగే రాసేశాను. మొన్న మా ఇంటికి తలుపులు చేస్తున్న పెద్దాయన ‘ఇంకా చిత్రిక పట్టలేదమ్మా, చెయ్యి పెట్టకు, పేడు గుచ్చుకుంటుంది’ అన్నారు. అసలు అర్థం ఏంటి, ఎక్కడి మాట ఇది?

గోదారి గట్టు:
మాది వడ్రంగుల ఇల్లేనమ్మా. చిత్రిక అంటే పనిముట్టు. ఒక కొయ్య దిమ్మ, దాని మధ్యలో ఏటవాలుగా తొలిచిన సందు, అందులో వెడల్పాటి ఉలిలాంటి బ్లేడు, అది కదలకుండా ఒక చీలిక, అంతే. బాడిశతో చెక్కినా రంపంతో కోసినా చెక్క గరుగ్గానే ఉంటుంది, దాని మీద చిత్రిక తోస్తే పలుచటి పొర ఉంగరాలు చుట్టుకుంటూ పైకి లేస్తుంది. మా నాన్న చిత్రికని తిరగేసి, ఒక కన్ను మూసి, అడుగు వెంబడి చూసేవారు. బ్లేడు అంచు వెంట్రుకంత కనిపిస్తే చాలు, ఎక్కువైతే మధ్యలోనే పట్టేస్తుంది. చెక్క వాలుకి ఎదురు తోస్తే పేళ్లు లేచిపోతాయి. బొమ్మ గీయడం ఇందులో ఎక్కడా లేదు.

కరీంనగర్ తమ్ముడు:
మా వైపు దీన్ని రందా అంటారు అన్నా. ఉర్దూ మాట, పారసీ నుంచి వచ్చింది, అక్కడ ‘రందీదన్’ అంటే గీకడం, నునుపు చేయడం. బ్రౌన్ నిఘంటువులో కూడా చిత్రిక అంటే వడ్రంగి పనిముట్టే.

పాత తెలుగు మాస్టారు:
చిత్రం, చిత్రణ, చిత్రించడం, వీటి పక్కన చిత్రిక వినపడేసరికి అర్థం అటు జారిపోయింది. రాసినదాన్ని మళ్లీ మళ్లీ చూసి, ఎగుడుదిగుడులు తీసేసి నున్నగా చేస్తే, అదీ చిత్రిక పట్టడం. ‘వాక్యాన్ని చిత్రిక పట్టారు’ అనండి, ప్రాణం లేచొస్తుంది. జీవితాన్ని చూపించారనడానికి ‘చిత్రించారు’ ఉండనే ఉంది. భాష మారుతుందంటారు, నిజమే, కానీ ఇంత పనితనమున్న మాట వడ్రంగి చేతిలోంచి జారిపోతుంటే నాకైతే బాధే.

పుస్తకాల పురుగు:
అందరికీ థ్యాంక్స్ అండీ. పొద్దున పెద్దాయన్ని అడిగి ఒకసారి తోసి చూశాను, రెండు జానలు పోగానే పట్టేసింది. సమీక్షలో ఆ వాక్యం మార్చేశాను.