డిసెంబరు చలిలో పొదుగుకొచ్చిన నాటుకోడి

ప్రశ్న (ఆదిలాబాద్): రాత్రిళ్లు 8 డిగ్రీలకు పడిపోతోంది. 14 గుడ్లున్నాయి, అన్నీ పెట్టొచ్చా?

జవాబు: వద్దండీ, 9 చాలు. రెక్కల కిందికి రాని అంచు గుడ్లు చల్లబడతాయి. కోడి వాటిని లోపలికి లాగితే ఇంకోటి బయటికొస్తుంది, అలా ఒక్కోటీ పాడవుతాయి. వారం దాటిన గుడ్లు కూరకే. గంపలో బెత్తెడు మందాన ఊక, పైన గిన్నెలా నొక్కిన వరిగడ్డి. గంపను ఇటుకల మీద పెట్టండి, లేకపోతే నేల చలి వేడిని లాగేస్తుంది.

ఇంకొకరు: మేతకు మధ్యాహ్నం ఎండలోనే దించండి, 20 నిమిషాలు. లేవకపోతే మెల్లగా ఎత్తండి, రెక్క కింద గుడ్డు ఇరుక్కుని ఉంటుంది. ఏడో రాత్రి టార్చి వెలుగులో ఎర్రటి నరాలు కనపడనివి తీసేయండి.

ప్రశ్న: గంప పక్కన బల్బు పెట్టాలా?

జవాబు: ఇప్పుడక్కర్లేదు, కోడి ఒంటివేడి చాలు. 21 రోజులకు పిల్లలు దిగాక, గదిలో ఒక మూలకే 60 వాట్లది.