సామజవరగమన: చివరి ‘న’ హ్రస్వమా, దీర్ఘమా?

పాటలపెట్టె:
ఈ మధ్య సంవత్సరాలలో నాకు బాగా నచ్చిన పాటలను వరుసగా రాసుకుంటూ మొదటి పేరు దగ్గరే ఆగిపోయాను. ‘అల వైకుంఠపురములో’ (2020) కోసం సిరివెన్నెల రాయగా తమన్ స్వరపరచిన ‘సామజవరగమన’ (మేలైన ఏనుగు వంటి నడక అని అర్థం) నా జాబితాలో మొదటిది. ‘శ్యామ్ సింగ రాయ్’లోని ‘సిరివెన్నెల’ రెండవది, ‘బలగం’లోని ‘ఊరు పల్లెటూరు’ మూడవది. చిన్నప్పుడు ఇదే మాటతో మొదలయ్యే త్యాగరాజ కృతి నేర్చుకునేటప్పుడు నేను ‘గమనా’ అని సాగదీస్తే, మాస్టారు తొడ మీద వేస్తున్న తాళం ఆపి ఏదో అనేవారు. ఆ మాటలో ‘సంబుద్ధి’ (పిలుపులో వాడే రూపం) అన్న పదం తప్ప ఇంకేమీ గుర్తులేదు. నా నోటుపుస్తకంలో అక్కడే ఆయన పెన్సిలుతో పెట్టిన గీత ఒకటి ఉండాలి. ఇంతకీ సినిమా పాటలో పిలుపు అమ్మాయికి కదా, అప్పుడు ఏది రాయాలి?

యతిమైత్రి:
మీ మాస్టారు అన్నది సబబే. కృతిలో పిలుపు హరికి కాబట్టి, సంస్కృతంలో ‘అ’తో ముగిసే పుంలింగ పదానికి సంబుద్ధి ‘సామజవరగమన’ అని హ్రస్వంగానే ఉంటుంది. అదే స్త్రీని పిలవాలంటే ‘సామజవరగమనే’ అనాలి. ఆ లెక్కన సినిమా పాటలో మీరు ఏది రాసినా సంస్కృతం ఒప్పుకోదు.

గోదారిగట్టు:
సంస్కృతం ఒప్పుకోకపోతే తెలుగు ఒప్పుకుంటుందండీ. ‘సీత’ను మనం ‘సీతే’ అని పిలవము, ‘సీతా’ అంటాము. ‘రాముడు’ కూడా పిలుపులో ‘రామా’ అవుతాడు. తెలుగులోకి వచ్చాక స్త్రీకైనా పురుషుడికైనా పిలుపులో దీర్ఘమే వస్తుంది కనుక, త్యాగరాజు హరిని పిలిచిన మాటతోనే సిరివెన్నెల అమ్మాయిని పిలవగలిగారు. పైగా ‘ఆగగలనా’, ‘చెప్పతగునా’ అని ముగిసే పాదాల పక్కన ‘గమన’ అని కురచగా ఆపితే అంత్యప్రాస ఏమైపోవాలి?

యతిమైత్రి:
ప్రాస కోసం వ్యాకరణాన్ని వదులుకోనక్కరలేదు. 2023లో ఇదే పేరుతో వచ్చిన సినిమాకు కూడా పేరు ‘సామజవరగమన’ అనే ఉంది.

గోదారిగట్టు:
అది పేరు, పిలుపు కాదు.

ప్లుతం:
మీరిద్దరూ ఒక్క సూత్రం మరచిపోయారు. ‘దూరాద్ధూతే చ’ అని పాణిని అష్టాధ్యాయి ఎనిమిదవ అధ్యాయంలో స్పష్టంగా చెప్పాడు: దూరంగా ఉన్నవారిని పిలిచేటప్పుడు వాక్యం చివరి అచ్చు మూడు మాత్రల దాకా సాగుతుంది. నాయిక నడిచి వెళ్ళిపోతోంది, నాయకుడు వెనుక నుంచి పిలుస్తున్నాడు. సిద్ శ్రీరామ్ గొంతులో సాగే ఆ ‘నా’ హ్రస్వమూ కాదు, దీర్ఘమూ కాదు, ప్లుతమని నా అభిప్రాయం.

యతిమైత్రి:
స్త్రీవాచకమైతే ప్లుతం ‘గమనే’ చివర రావాలి గాని ‘గమన’ చివర ఎలా వస్తుంది? అయినా కళ్ళు కాళ్ళను పట్టుకున్నాయని పాట మొదట్లోనే చెప్పుకున్నవాడికి ఆమె దూరంగా ఉన్నట్టా?

పాటలపెట్టె:
ఆ మాట ఇంతవరకూ నాకు తట్టలేదు. ‘కాళ్ళు’, ‘కళ్ళు’ అన్న రెండు మాటలకూ మధ్య ఒక్క దీర్ఘమే తేడా. మనం కొట్లాడుకుంటున్నదీ ఒక్క దీర్ఘం గురించే. చూపులను తొక్కుకుంటూ వెళ్ళవద్దని బతిమాలిన తరువాతే పల్లవిలో ఈ సమాసం వస్తుంది. కాళ్ళతో మొదలుపెట్టిన పాటలో నడకను చెప్పే మాట అలంకారం కోసం వచ్చిందని నేను అనుకోను. 1986లో ‘విధాత తలపున’ రాసిన చేయి అంత పెద్ద సంస్కృత సమాసాన్ని ‘చూడే నా కళ్ళు’ అన్న ఇంటి మాటల పక్కన కూర్చోబెట్టినా ఎక్కడా అతుకు కనిపించదు. మొదటి స్థానం ఇచ్చింది అందుకే.

హిందోళప్రియ:
అతుకు కనిపించని పని అసలు కృతిలోనే ఉంది. ఆ కృతి రాగం హిందోళం. అందులో రిషభ పంచమాలు (రి, ప) లేవు, ఉన్నవి స గ మ ద ని మాత్రమే. పల్లవి తరువాత వచ్చే అనుపల్లవిలో ‘సామ నిగమజ సుధామయ’ అన్న మాటలను అక్షరాలుగా విప్పి చూడండి: సా, మ, ని, గ, మ, తరువాత ‘సుధా’లో ధా. అయిదు స్వరాలూ సాహిత్యంలోనే దొరుకుతాయి.

ప్లుతం:
స్వరాక్షరం అనాలంటే ఆ అక్షరం ఆ స్వరం మీదనే పలకాలి. అక్షరాలు దొరికినంత మాత్రాన సరిపోదు. అలా చూస్తే మా ఇంటి పచారీ చీటీలోనూ రెండు మూడు స్వరాలు దొరుకుతాయి.

హిందోళప్రియ:
మీ పచారీ చీటీని ఎవరూ రెండు వందల ఏళ్ళ పాటు పాడుకోలేదు లెండి.

గోదారిగట్టు:
రచ్చ తరువాత చేద్దాం. పాటలపెట్టె గారూ, ‘ఊరు పల్లెటూరు’ను మూడవ స్థానంలో ఎలా పెట్టగలిగారు? ఆ పాటకు కాసర్ల శ్యామ్‌కు జాతీయ పురస్కారం కూడా వచ్చింది.

పాటలపెట్టె:
జాబితా ఇంకా ఖరారు కాలేదండీ. ఇందాక అటక మీద నుంచి నోటుపుస్తకం దించాను. ‘గమన’ దగ్గర ఏ గీతా లేదు. మాస్టారి పెన్సిలు గీత అనుపల్లవిలో ఉంది. నేను ‘సామని గమజ’ అని రాసుకుంటే, ‘ని’ని కొట్టేసి బాణం గుర్తుతో అవతలి మాటకు చేర్చారు. ఆయన తాళం ఆపి అన్నది దీని గురించేనా, అయితే మరి ‘సంబుద్ధి’ అన్న మాట నాకు ఎక్కడిది?